ప్రెస్పా సరస్సు ఒడ్డున పుస్తెత్స్ ఊరు: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

స్టుట్‌గార్ట్_శీను

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అమ్మానాన్నలని తీసుకుని ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ వెళ్తున్నాం. ఓహ్రిడ్ గురించి ఎక్కడ చూసినా బోలెడంత సమాచారం ఉంది. నా ప్రశ్న కొండకి అవతలున్న ప్రెస్పా సరస్సు గురించి. ఆ ఒక్క సరస్సునీ ఉత్తర మాసిడోనియా, అల్బేనియా, గ్రీస్ మూడూ పంచుకున్నాయి. అల్బేనియా ఒడ్డున పుస్తెత్స్ అని ఒక ఊరు కనిపిస్తోంది. కొన్ని పాత మ్యాపుల్లో దాన్నే లిచెనాస్ అని రాశారు. అక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడేది మాసిడోనియన్ అట.

నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఈ సంగతి చెప్పగానే ప్రశ్నల వర్షం మొదలుపెట్టారు. అల్బేనియాలో ఉంటూ ఆ భాష ఎలా నిలుపుకున్నారు? బడి ఏ భాషలో? కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా కాలంలో వాళ్ల పరిస్థితి ఏమిటి? నాకు ఒక్కదానికీ జవాబు తెలీదు. ఒక రోజు పెట్టుకుని వెళ్తే దండగ కాదు కదా? అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బాల్కన్_బాటసారి

బ్రో, నేను అల్బేనియాలోని కోర్చ పట్నం నుంచి కారులో వెళ్లాను. ఊరు చిన్నది. దీవి, సరస్సు, నాలుగు ఫొటోలు, అయిపోయింది. గంట కన్నా ఎక్కువ పనేం లేదు. ఆ రోజేదో ఓహ్రిడ్‌లోనే గడపండి.

వీసా గురించి మాత్రం జాగ్రత్త. మీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది కాబట్టి గొడవ లేదు. పేరెంట్స్ షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి తీరాలి. సింగిల్ ఎంట్రీ అయితే బయటికి వచ్చాక మళ్లీ జర్మనీలో అడుగుపెట్టనివ్వరు. అద్దె కారైతే అల్బేనియాలోకి తీసుకెళ్లడానికి కంపెనీ నుంచి అనుమతి కాగితం, గ్రీన్ కార్డ్ (వేరే దేశంలో చెల్లే కారు ఇన్సూరెన్స్ కాగితం) ముందే అడిగి తీసుకోండి. బోర్డర్ దగ్గర ఆ రెండూ అడుగుతారు.

ప్రెస్పా_కోడలు

గంట కన్నా పనేం లేదన్న తమ్ముడూ, ఆ ఊళ్లో మా అత్తారిల్లు ఉంది. గంటలో బయటపడదామన్నా మా అత్తగారు పడనివ్వరు. కాఫీ అయితే రాకియా (పళ్ల సారా), రాకియా అయితే భోజనం.

శీను గారూ, మాది విజయనగరం. మా ఆయనది పుస్తెత్స్. మేముండేది ఉత్తర మాసిడోనియాలోని బితోలలో. ఎండాకాలం సెలవులకీ, ఈస్టరుకీ రేసెన్ మీదుగా స్తెన్యె దగ్గర సరిహద్దు దాటి వెళ్తుంటాం. మీ నాన్నగారి ప్రశ్నలు చూసి సంతోషమేసింది. మామూలుగా నన్ను అందరూ అడిగేది "అక్కడ చలి ఎంత ఉంటుంది" అనే. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బాల్కన్ యుద్ధాలయ్యాక, 1913 తర్వాత, కొత్త దేశాలకి హద్దులు గీశారు. సరస్సు చుట్టూ ఒకే మాట మాట్లాడే ఊళ్లు మూడు ముక్కలయ్యాయి. అల్బేనియా వాటాకి తొమ్మిది ఊళ్లొచ్చాయి. వాటిలో పెద్దది పుస్తెత్స్. ఆ తొమ్మిదీ కలిపి ఇప్పుడు ఒక మున్సిపాలిటీ. అందరూ ఆర్థడాక్స్ క్రైస్తవులే.

బడి సంగతి. 1945లో మాసిడోనియన్‌లో చదువు మొదలైంది. ఇప్పటి ఉత్తర మాసిడోనియా అప్పుడు యుగోస్లావియాలో భాగం. అల్బేనియాకి, యుగోస్లావియాకి మంచి స్నేహం, టీచర్లు అటునుంచే వచ్చారు. 1948లో యుగోస్లావియా నేత టీటో, సోవియట్ నేత స్టాలిన్ తెగతెంపులు చేసుకున్నారు, హోజా స్టాలిన్ వైపు నిలబడ్డాడు. ఆ టీచర్లు పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోవాల్సొచ్చింది. ఆశ్చర్యమేంటంటే, సరిహద్దు మూశారు గానీ బడి మూయలేదు. నాలుగో తరగతి దాకా మాసిడోనియన్‌లో, ఆ పైన అల్బేనియన్‌లో, అలాగే నడిపించారు. మా ఆయన చదువూ అంతే. ఇప్పటికీ ఎక్కాలు మాసిడోనియన్‌లోనే గడగడా అప్పజెప్తారు. ఆల్జీబ్రా మాత్రం అల్బేనియన్‌లో తప్ప నోరు తిరగదు. మా పాప లెక్కలు చెప్పించుకునేటప్పుడు ఇంట్లో ఇదో కామెడీ.

ఇది చూసి హోజా మైనారిటీలని నెత్తిన పెట్టుకున్నాడనుకోకండి. ఆ తొమ్మిది ఊళ్ల హద్దులోపల ఉన్నంతసేపే నువ్వు మాసిడోనియన్‌వి. అదే మాట మాట్లాడే వేరే ప్రాంతాలవాళ్లు, గోలో బర్దోలో గానీ గోరాలో గానీ ఉన్నవాళ్లు, లెక్కలోకే రారు. 1967లో మతాన్నే నిషేధించారు, చర్చిలకి తాళాలు పడ్డాయి. 1973లో ఊళ్ల పేర్లు మార్చి పుస్తెత్స్‌ని లిచెనాస్ చేశారు. మీరు మ్యాపులో చూసిన పేరు అదే. 1975లో మనుషుల పేర్ల మీదా ఒక డిక్రీ వచ్చింది, మతం వాసనొచ్చే పేర్లు మార్చుకోవాలని. మా ఆయనకి కాగితాల్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. పెళ్లి రిజిస్ట్రేషనప్పుడు ఆ రెండో పేరేంటని మా నాన్న నన్ను పక్కకి పిలిచి అడిగారు, ఇతనికేమైనా పోలీసు కేసులున్నాయా అని టెన్షన్ ఆయనకి. బాప్టిజం కూడా చర్చిలు మళ్లీ తెరిచాకే, మీసాలు మొలిచే వయసులో చేయించారు.

సరిహద్దు ఎలా ఉండేదో మా అత్తగారు చెప్తే వినాలి. ఆవిడ పుట్టిల్లు తుమినెత్స్, సరిహద్దుకి దగ్గర్లోని ఊరు. అక్కడినుంచి చూస్తే మాసిడోనియా వైపు స్తెన్యె ఒడ్డు కనిపిస్తుంది. ఆవిడ పెద్దమ్మని 1948కి ముందే స్తెన్యెకి ఇచ్చారు. ఆ తర్వాత రాకపోకలు బంద్. ముళ్లకంచెలు, కాపలా, చేపలకి వెళ్లే పడవలకి కూడా లెక్కా పత్రం. అటువైపు బట్టలారేస్తే ఇటువాళ్లకి కనిపించేవట, పలకరింపు మాత్రం లేదు. పెద్దమ్మ పోయిన సంగతి ఇటు తెలిసేసరికి అక్కడ సంవత్సరీకాలు కూడా అయిపోయాయి. మా అత్తగారు ఇదంతా ఏడుస్తూ ఏం చెప్పరు. చిక్కుడు గింజలు ఒలుస్తూ, మధ్యలో కోళ్లని అదిలిస్తూ చెప్తారు.

1991 తర్వాత దారులు తెరిచారు. 2013లో ఊరికి పాత పేరు తిరిగొచ్చింది. ఇప్పుడు బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, మున్సిపాలిటీ ఆఫీసులో మాసిడోనియన్‌లో పని జరుగుతుంది.

ఇక అసలు మాట. నాన్నగారికి చరిత్ర మీద అంత ఆసక్తుంటే పుస్తెత్స్ ఒక్కటే చూపించి ఊరుకోకండి. వీలైతే ఈ ట్రిప్పులోనో, వచ్చేసారో గ్రీస్ ఒడ్డునున్న ప్సరాదెస్‌కి కూడా తీసుకెళ్లండి. దాని పాత పేరు నీవిత్సి. అదే సరస్సు, అవే చేపలు, పెద్దవాళ్ల నోట అదే మాట. కానీ అక్కడ ఆ భాషలో ఒక్క బోర్డు కూడా కనిపించదు. గ్రీస్ అధికారికంగా గుర్తించే మైనారిటీ థ్రేస్‌లోని ముస్లింలు మాత్రమే. 1936లో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చాక వీధిలో ఆ మాట మాట్లాడితే శిక్షలు పడేవి. గ్రీస్ అంతర్యుద్ధం చివర్లో, 1948-49లో, ఆ కొండలన్నీ యుద్ధభూమి. ఆ వైపు ఊళ్ల జనం వేలల్లో సరిహద్దు దాటి వెళ్లిపోయారు, చాలామంది మళ్లీ రాలేదు. కొన్ని ఊళ్లయితే ఊళ్లుగానే మిగల్లేదు.

అత్తగారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాం. దుకాణంలో బీన్స్ అమ్మే ముసలావిడతో ఈవిడ అలవాటుగా తమ భాషలో ధర అడిగారు. ఆవిడ ముందు తలుపు వైపు చూసింది. తర్వాత అదే భాషలో, గొంతు తగ్గించి, జవాబు చెప్పింది. ధర కూడా తగ్గించిందనుకోండి.

నా లెక్కలో చూడాల్సింది అదే. పుస్తెత్స్‌వాళ్లు ధైర్యవంతులనీ కాదు, ప్సరాదెస్‌వాళ్లు పిరికివాళ్లనీ కాదు. ఒక ప్రభుత్వం చిన్న జాగా ఇచ్చి నాలుగు తరగతులు చెప్పించింది, ఇంకోటి అదీ చేయలేదు. ఎనభై ఏళ్లకి తేడా ఎక్కడికొచ్చిందో రెండు ఊళ్లలో చెవులు పెట్టి వింటే తెలుస్తుంది. విచిత్రం చూడండి, మైనారిటీ పట్ల మెరుగ్గా ఉన్నది ప్రజాస్వామ్యం కాదు, యూరప్ మొత్తంలోకీ కఠినమైన నియంతృత్వం.

పాతరాతలు

కోడలు గారూ, బాగా రాశారు. కానీ ఒక అనుమానం. వాళ్ల భాష నిజానికి బల్గేరియన్ అనీ, మాసిడోనియన్ అనేది టీటో కల్పించిన పేరనీ చాలాచోట్ల చదివాను. మొన్నటి అల్బేనియా జనాభా లెక్కల్లో బల్గేరియన్లమని రాయించుకున్నవాళ్లే ఎక్కువ ఉన్నారు కదా? దానికేమంటారు?

ప్రెస్పా_కోడలు

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను :)

లెక్కలు మీరన్నట్టే ఉన్నాయి. 2011లో అల్బేనియా మొత్తం మీద మాసిడోనియన్లమని రాయించుకున్నవాళ్లు 5,512 మంది. 2023లో 2,281. బల్గేరియన్లకి 2017 చట్టంలో గుర్తింపు వచ్చింది, 2023లో ఆ గడి కింద 7,057 మంది తేలారు. దీన్ని బట్టి భాష తేల్చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. బల్గేరియా 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది. బల్గేరియన్ మూలాలున్నాయని కాగితం చూపిస్తే ఆ దేశపు పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టుతో శీను గారుండే స్టుట్‌గార్ట్‌లో వీసా లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. మా ఆయన వైపు చుట్టాల్లోనే అన్నదమ్ములిద్దరిలో ఒకరు అదీ, ఒకరు ఇదీ. పండక్కి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిని, ఒకే పాట పాడతారు. ఈ టాపిక్ వస్తే మాత్రం మా అత్తగారు గిన్నెలు చప్పుడు చేస్తూ లేచిపోతారు, అది మాకు సిగ్నల్.

భాషల విషయానికొస్తే రెండూ దగ్గరవి, ఒకరి మాట ఇంకొకరికి బాగానే అర్థమవుతుంది. పుస్తెత్స్ యాస ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యె టీవీలో వినే భాషలానూ ఉండదు, బల్గేరియా రాజధాని సోఫియా టీవీలో వినే భాషలానూ ఉండదు. నేను స్కోప్యెలో కోర్సు చేసి నేర్చుకున్న వ్యాకరణం అత్తగారి వంటింట్లో సగం పనిచేయలేదు. వాళ్లు అడిగితే "మన మాట" అంటారు, అంతే. శీను గారూ, నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, భోజనం దగ్గర "మీరు బల్గేరియన్లా, మాసిడోనియన్లా" అని మాత్రం అడగొద్దని. మిగతావి ఏమడిగినా గంటలు గంటలు చెప్తారు.

కాలువ_ఏఈ_రిటైర్డ్

అమ్మా, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. భాషల గొడవ నాకు తెలీదు గానీ ఆ సరస్సు నీళ్లు తగ్గిపోతున్నాయని చదివాను. బయటికి పారే నది లేదంటారు, మరి నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు? ఒడ్డున ఉండే మీకు కనిపిస్తోందా?

ప్రెస్పా_కోడలు

బాబాయి గారూ, కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. మా ఆయన చిన్నప్పుడు దూకి ఈత కొట్టిన రాతిగట్టు ఇప్పుడు ఎండలో ఉంది. దాని ముందంతా రెల్లు, దాని తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు. పడవ ఎక్కాలంటే ఆ బురద మీద వేసిన పలకల మీద నడవాలి. మనం మాట్లాడుతున్నది పెద్ద ప్రెస్పా, పక్కనే చిన్న ప్రెస్పా అని ఇంకో సరస్సుంది. 1984 నుంచి 2020 లోపు పెద్ద ప్రెస్పా విస్తీర్ణం 7 శాతం తగ్గింది, నీళ్ల పరిమాణమైతే దాదాపు సగం పోయిందని ఉపగ్రహ చిత్రాలతో లెక్క కట్టారు.

మీరన్నట్టు పైకి కనిపించే ఏరు ఒక్కటీ బయటికి పోదు. ప్రెస్పా సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉండేది. కొండకి అవతల ఓహ్రిడ్ సరస్సు సుమారు 690 మీటర్లు. మధ్యలో ఉన్న గలిచిత్స కొండంతా సున్నపురాయి, లోపల బోలు. నీళ్లు ఆ రాళ్ల సందుల్లోంచి దిగి, అటువైపు సెయింట్ నావుం మఠం దగ్గరా, పక్కన అల్బేనియాలో తుషెమిష్ట్ దగ్గరా ఊటలై పైకొస్తాయి. అల్బేనియా ఒడ్డున జవేర్ అనేచోట సరస్సు నీళ్లు రాయి కిందికి పోవడం చూడొచ్చు. 2000 తర్వాత అక్కడ రంగులాంటిది కలిపి వదిలి, అటువైపు ఊటల్లో పట్టుకుని రుజువు చేశారు. ఊళ్లో ముసలాళ్లు మాత్రం ఇందులో కొత్తేముంది అన్నారట, పొట్టు పోస్తే అటు తేలుతుందని వాళ్ల తాతలు చెప్పిన కథే కదా అని.

కారణమేంటంటే ఒక్కో ఊరు ఒక్కోటి చెప్తుంది. వానలూ మంచూ తగ్గాయి, అది నిజం. రేసెన్ వైపు ఆపిల్ తోటలకి తోడేస్తున్నారని పుస్తెత్స్‌వాళ్లంటారు. 1970ల్లో అల్బేనియావాళ్లు దెవోల్ నదిని చిన్న ప్రెస్పాలోకి మళ్లించి దాన్ని ఒండ్రుతో నింపేశారని ఆపిల్ రైతులంటారు. ఈ వాదన మీకు కొత్త కాదనుకుంటాను, కృష్ణ నీళ్ల తగాదాలు చూసినవాళ్లు కదా. 2000లో ముగ్గురు ప్రధానులూ కలిసి మూడు దేశాల ఉమ్మడి పార్కు అని ప్రకటించారు. పక్షులకి మేలు జరిగింది గానీ నీటి మట్టం ప్రకటనలతో పెరగదుగా.

స్టుట్‌గార్ట్_శీను

కోడలు గారూ, మీరు రాసిందంతా నాన్నకి చదివి వినిపించాను. ప్సరాదెస్ ఈ ట్రిప్పులోనే పెట్టమని పట్టుబడుతున్నారు. మూడు సందేహాలు. ఒకటి, ఓహ్రిడ్ నుంచి ఏ దారి మంచిది? రెండు, పుస్తెత్స్ ఎదురుగా దీవిలో ఒక గుహ చర్చి ఉందట, అమ్మకి మోకాళ్ల నొప్పులు, అక్కడికి ఎక్కగలదా? మూడు, అమ్మానాన్నలిద్దరూ శాకాహారులు, అక్కడ ఏం తింటారు?

ప్రెస్పా_కోడలు

వెళ్లేటప్పుడు గలిచిత్స కొండ మీదుగా వెళ్లండి. పైనుంచి ఒకవైపు ఓహ్రిడ్, ఒకవైపు ప్రెస్పా, రెండు సరస్సులూ కనిపిస్తాయి. సెప్టెంబరులో దారి బాగానే ఉంటుంది, చలికాలం మంచు పడితే మూసేస్తారు. కొండ దిగి స్తెన్యె దగ్గర సరిహద్దు దాటితే గోరిత్స, అక్కడినుంచి దక్షిణంగా పుస్తెత్స్. దారిలో హోజా కట్టించిన కాంక్రీటు బంకర్లు పుట్టగొడుగుల్లా కనిపిస్తాయి. తిరుగు ప్రయాణం కోర్చ, పోగ్రాదెత్స్ మీదుగా పెట్టుకుని సెయింట్ నావుం దగ్గర ఆగండి. బాబాయి గారికి చెప్పిన ఊటలు అక్కడే, నీళ్లు అడుగునుంచి ఇసుకని ఎగదన్నుతూ వస్తుంటాయి.

ప్సరాదెస్ ఒకే రోజులో వద్దు. నీటి మీద దగ్గరే గానీ పడవలో అటు దాటనివ్వరు. ఉత్తర మాసిడోనియా నుంచి ఒడ్డు వెంబడి గ్రీస్‌లోకి వెళ్లే మార్కోవా నోగా దారి కూడా దశాబ్దాలుగా మూతే. కాబట్టి కోర్చకి వెళ్లి, కప్ష్తిత్స దగ్గర సరిహద్దు దాటి, చుట్టూ తిరిగి రావాలి. రాత్రి కోర్చలో ఉండి మర్నాడు పొద్దున్నే బయల్దేరండి. అన్నట్టు, 2018 జూన్ 17న ఉత్తర మాసిడోనియా పేరు మీద గ్రీస్‌తో ఒప్పందం సంతకమైంది ఆ ప్సరాదెస్‌లోనే. ప్రధానులిద్దరూ అక్కడికే వచ్చారు. నాన్నగారికి ఈ తేదీ చెప్పండి, నోట్సులో రాసుకుంటారు.

దీవి పేరు మాలి గ్రాద్. పడవ పుస్తెత్స్ నుంచే దొరుకుతుంది, బేరం ముందే మాట్లాడుకోండి. గుహ లోపల పద్నాలుగో శతాబ్దపు చర్చి ఉంది, మేరీమాతది. అందులో 1369 నాటి చిత్రాలున్నాయి. వాటిని వేయించిన నోవాక్ అనే ప్రభువు, అతని భార్యాపిల్లలు గోడ మీద నిలబడి ఉంటారు, బట్టల మీద అల్లిక కూడా పోల్చుకోవచ్చు. కానీ మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మగారిని ఎక్కించొద్దు. దీవి చుట్టూ పడవలో తిప్పించి, ఆవిడని మా అత్తగారింట్లో కూర్చోబెట్టండి. దీవిలో నీటిపాములు తిరుగుతుంటాయి, విషం లేనివే, ఆవిడకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

తిండికి లోటు లేదు. ప్రెస్పా అంటేనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. మట్టి మూకుడులో ఉల్లిపాయా, ఎండుమిరపా వేసి పొయ్యిలో పెడతారు. కాల్చిన మిరపకాయలు, చీజ్, ఆకుకూర పెట్టిన పొరల రొట్టె ఉంటాయి. మాంసం, పాలు, గుడ్లు లేని వంటని ఉపవాసాల్లో తింటారు, దాన్ని పోస్నో అంటారు. ఆ ఒక్క మాట చెప్తే చాలు. అయితే చేపని కొందరు పోస్నో కిందే లెక్కేసి వడ్డిస్తారు, కాబట్టి చేప కూడా వద్దని విడిగా చెప్పండి. సరస్సులో నీవిచ్క అని వేలంత చేప దొరుకుతుంది, ఉప్పు పట్టించి వసారాలో ఎండబెడతారు. ఎండ ఎక్కాక వాసన అచ్చం భీమిలి రేవు. నాకు ప్రాణం లేచొస్తుంది, అమ్మగారికి ఏమవుతుందో చెప్పలేను, గాలి వచ్చే వైపు కుర్చీ వేయమంటాను.

డబ్బు కోర్చలోనే లెక్ (అల్బేనియా కరెన్సీ) కింద మార్చుకోండి, ఊళ్లో కార్డులు నడుస్తాయనుకోవద్దు. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే మెసేజ్ పెట్టండి, గుహ చర్చి తాళం ఎవరి దగ్గరుందో అత్తగారిని కనుక్కోమంటాను. ఇంటికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతుల్తో వెళ్లరు అక్కడ. పూలూ చాక్లెట్లూ అక్కర్లేదు, అరకిలో కాఫీ పొడి, కిలో పంచదార, అదే మర్యాద.